ముందు త్రాసు, తరువాత యంత్రము

మన ఊళ్ళలో పాతకాలపు కంసాలి అంగడిని చూచినవారికి ఆ చిన్న త్రాసు జ్ఞాపకముండును. పెట్టెలో భద్రముగా దాచిన రెండు ఇత్తడి తట్టలు, ప్రక్కన డబ్బీలో ఎర్రని గురువింద గింజలు. కొలిమి, సుత్తి, పట్టుకారు అన్నియు అక్కడ ఉండును గాని, పని మాత్రము త్రాసుతో ఆరంభమై త్రాసుతోనే ముగియును. కంసాలి బంగారమును తూచి పుచ్చుకొనును, నగను తూచి ఇచ్చును. గురువింద యెత్తు తేడా వచ్చినచో అతనికి మాట వచ్చును, ఇంటివారికి నష్టము వచ్చును. అంతకు మించిన ప్రమాదము లేదు.

గురువింద యెత్తు తేడా వచ్చినచో చేతివ్రేళ్ళు పోగల పని యొకటి కలదు. దానిని ఇంటి నేలమాళిగలో సాయంకాలపు వినోదముగా చేసికొనువారు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎందరో ఉన్నారు. కాల్చిన తూటాల ఇత్తడి గొట్టములను ఏరి తెచ్చుకొని, వానిని ఇంటిలోనే తిరిగి నింపుకొనుటయే ఆ పని. దానికి కావలసిన పనిముట్లు ఏవి, వానిలో ముందు కొనవలసినది ఏది, తరువాత కొనవలసినది ఏది అనునది నేటి ప్రసంగ విషయము.

మొదటనే ఒక మాట చెప్పవలసి యున్నది. మన దేశమున ఇది ఇంటిపని కాదు. 1959 ఆయుధముల చట్టము ప్రకారము తుపాకులుగాని, తూటాలుగాని తయారుచేయుటకు ప్రత్యేకమైన అనుమతి పత్రము ఉండవలెను. అమెరికాలో పద్ధతి వేరు. తన వాడుకకు తాను తూటాలు నింపుకొనువానికి అక్కడి కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు. అమ్మకమునకు చేయువాడు మాత్రము 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టము ననుసరించి లైసెన్సు పొందవలెను. రాష్ట్రముల నిబంధనలు మరల వేరువేరుగా నుండును. నేను కొన్ని సంవత్సరములు ఒహైయో రాష్ట్రమున నివసించితిని. మా పొరుగింటి పెద్దమనిషి ఒక కర్మాగారములో లేతు యంత్రముపై పనిచేసి విరమించినవాడు. గురిచూచి కాల్చు పోటీలయం దాయనకు ఆసక్తి మెండు. ఆయన నేలమాళిగలోని పనిబల్లయే ఈ విషయమున నాకు బడి.

తూటా యనగా నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి గొట్టము, దాని అడుగున అమర్చిన ప్రైమరను చిన్న గిన్నె, లోపల మందు, మూతివద్ద బిగించిన గుండు. తుపాకి సూది ప్రైమరును కొట్టగానే దానిలోని పదార్థము భగ్గుమని మందును అంటించును. మందు వాయువుగా మారి గుండును నెట్టును. గుండు పోవును, మందు పోవును, ప్రైమరు చచ్చును. మిగులునది ఇత్తడి గొట్టమొక్కటే. తూటాలో ఖరీదైన భాగము సాధారణముగా అదియే. నూటికి డెబ్బది పాళ్ళు రాగి, ముప్పది పాళ్ళు తుత్తునాగము కలిపిన ఈ ఇత్తడికి ఒక మంచి గుణమున్నది. పేలినపుడు అది ఉబ్బి తుపాకి గదిగోడలకు అంటుకొని వాయువును వెనుకకు రానీయదు. పీడనము తగ్గగానే రవ్వంత ముడుచుకొని సులభముగా వెలికి వచ్చును. అందువలననే దానిని మరల మరల వాడుకొనవచ్చును. అయితే ప్రతి వాడుకతోను ఇత్తడి కొంచెము గట్టిపడును. కొన్ని వాడుకల తరువాత మెడవద్ద పగులును. పగిలినదానిని పారవేయవలసినదే.

తిరిగి నింపుటలోని మెట్లు కూడ ఎక్కువ కావు. చచ్చిన ప్రైమరును సూదితో వెలికి నెట్టుట, ఉబ్బిన గొట్టమును ఉక్కు అచ్చులోనికి దిగవేసి మొదటి కొలతకు తెచ్చుట, కొత్త ప్రైమరును కూర్చుట, మందు తూచి పోయుట, గుండును సరియైన లోతున బిగించుట. ఈ అయిదు మెట్లలో నాలుగింటికి కావలసినది బలము. ఒక్కదానికి, అనగా మందు పోయుటకు, కావలసినది మెలకువ. పనిముట్లు కొనువారు సాధారణముగా బలమునకు సంబంధించినవాని మీదనే మనసు పెట్టుదురు. మెలకువకు సంబంధించినవానిని మరచెదరు.

ఇట్లు జరుగుటకు చరిత్రలో కారణము కలదు. 1870 ప్రాంతములలో అమెరికా పడమటి మైదానములలో అడవిదున్నలను వేటాడినవారు దుకాణములకు ఎంతో దూరమున గుడారములు వేసికొని ఉండెడివారు. రాత్రివేళ మంటవెలుగున కూర్చుండి పగలు కాల్చిన గొట్టములను తామే నింపుకొనెడివారు. తుపాకుల సంస్థలే అందుకు వలసిన చేతిపనిముట్లను అమ్మెడివి. 1884లో కనెక్టికట్ రాష్ట్రపు న్యూహేవెన్ పట్టణమున జాన్ బార్లో అను నతడు ఐడియల్ అను సంస్థను స్థాపించి, పోకచెక్కలు కత్తిరించు అడకత్తెరను పోలిన పనిముట్టు నొకదానిని ప్రసిద్ధికి తెచ్చెను. రెండు పిడులను నొక్కినచో పని జరుగును. ఆ సంస్థ చేతులు మారి 1925లో లైమన్ కంపెనీలో చేరెను. 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ పట్టణమున ఫ్రెడ్ హంటింగ్‌టన్ అను నతడు తన తండ్రిగారి చాకిరేవు దుకాణము వెనుక గదిలో గుండ్లు చేయు అచ్చులను తయారుచేయ నారంభించెను. కొండరాళ్ళలో తిరుగు రాక్‌చక్ అను ఉడుతజాతి జంతువును వేటాడుటకు పనికివచ్చు చిన్న గుండ్లవి. "రాక్‌చక్ బుల్లెట్ స్వేజ్" అను మాటల మొదటి అక్షరములనుండియే ఆర్.సి.బి.ఎస్. అను సంస్థ పేరు పుట్టినది. నేడు ఆ పేరు ఎరుగని తూటాపనివాడు ఉండడు. 1958లో విస్కాన్సిన్ రాష్ట్రమున రిచర్డ్ లీ తన ఇంటి పనిగదిలో, ప్రెస్సు అవసరమే లేకుండ కొయ్యసుత్తితో కొట్టి పనిచేసికొనదగిన పనిముట్టును రూపొందించెను. అది బీదవానికి కూడ అందిన పనిముట్టు. ఈ ముగ్గురి కథలలోను పోలిక యున్నది. ముగ్గురును చిన్న పనివారుగా మొదలుపెట్టినవారే. ముగ్గురును పనిని తేలిక చేయుటకే పాటుపడిరి.

అయితే పని తేలిక అగుచుండగనే మందు స్వభావము మారిపోయినది. అడవిదున్నల వేటగాండ్రు వాడినది నల్లమందు. అది గొట్టమును నిండుగా ఆక్రమించును. పొరపాటున రెండవసారి పోసినచో పొర్లి బల్లమీద పడును. అనగా గొట్టమే కాపలాదారు. 1884లో ఫ్రాన్సు దేశస్థుడు పాల్ వియేయ్ పొగలేని మందును కనిపెట్టెను. కొంచెము మందుతోనే ఎక్కువ బలము వచ్చునట్టిది. దానితో ఆ కాపలాదారు ఉద్యోగము పోయినది.

ఒక దృష్టాంతము చెప్పెదను. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1898 ప్రాంతమున 38 స్పెషల్ అను రివాల్వరు తూటాను తెచ్చెను. గొట్టమును నల్లమందుకొరకు రూపొందించిరి. ఇరువది గ్రెయిన్లకు పైగా పట్టును. నేడు గురిపందెములలో కాల్చువారు దానిలో పోయు చురుకైన పొగలేని మందు మూడు గ్రెయిన్లకు అటునిటుగా ఉండును. గ్రెయిను అనగా యవగింజ యెత్తునుండి పుట్టిన ఆంగ్ల కొలత. అట్టివి ఏడువేలయినచో ఒక పౌను. మన తులమునకు నూటయెనుబది. తులమునకు తొంబదియారు గురువిందల లెక్కన, మూడు గ్రెయిన్లు రెండు గురువింద గింజల యెత్తునకు కూడ చాలవు. అంత పెద్ద గొట్టములో అంత చిన్న పలుకు. రెండుసార్లు పోసినను గొట్టము నిండదు. మూడుసార్లు పోసినను గుండు చక్కగా కూర్చుండును. పైనుండి చూచువానికి ఆ తూటా మిగిలిన తూటాలవలెనే కనబడును.

తేడా లోపల ఉన్నది. 38 స్పెషల్ తూటాకు అమెరికా పరిశ్రమవారు నిర్ణయించిన గరిష్ఠ పీడనము చదరపు అంగుళమునకు 17,000 పౌన్లు. 1906 నాటి ప్రసిద్ధమైన రైఫిలు తూటాకు 60,000 పౌన్లు. మన చుట్టునున్న గాలి ఒత్తిడి సుమారు పదునైదు పౌన్లని తలచినచో, రైఫిలు గదిలో పుట్టునది దానికి నాలుగువేల రెట్లని తెలియును. ఆ గది కాల్చువాని చెంపకు జానెడు దూరములో ఉండును. రివాల్వరు అయినచో రెండు చేతులలోనే ఉండును. రెట్టింపు మందు పడినపుడు ఉక్కు చీలును. దీనికి విపరీతమైన పొరపాటు ఇంకొకటి కలదు. మందు పోయుటయే మరచినచో ప్రైమరు బలము మాత్రమే గుండును నెట్టి గొట్టము నడుమ ఇరికించును. శబ్దము చిన్నదిగా వినబడును. తొందరపాటు మనిషి ఆ సంగతి గమనింపక రెండవసారి మీట నొక్కినచో వచ్చు గుండుకు దారి లేక తుపాకి గొట్టము ఉబ్బును, లేదా పగులును.

ఇప్పుడు పొరుగింటి పనిబల్లకు వత్తము. ఒక శీతకాలపు సాయంకాలము ఆయన ఈ 38 స్పెషల్ తూటాలనే నింపుచుండెను. నేను ప్రక్కన ముక్కాలిపీటపై కూర్చుండి చూచుచుంటిని. వరుసకు పది చొప్పున అయిదు వరుసల రంధ్రములు చేసిన చెక్కలో యాబది గొట్టములు మూతులు పైకి పెట్టి నిలబడి యున్నవి. మందు పోయు పనిముట్టు మీట నొకసారి త్రిప్పినచో ఒక కొలత పడును. ఆయన ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క త్రిప్పు త్రిప్పుచు పోవుచుండెను. మూడవ వరుసలో ఉండగా మేడమీద టెలిఫోను మ్రోగినది. వెళ్ళి మాట్లాడి, రెండు నిమిషములలో తిరిగివచ్చి, విడిచినచోటనుండి మొదలుపెట్టి యాబదియు ముగించెను.

తరువాత ఆయన గుండ్ల డబ్బీని తెరువలేదు. చిన్న దీపమును చేతబట్టి చెక్కమీదికి వంగి వరుస వెంట వరుసగా లోపలికి చూడ మొదలుపెట్టెను. మూడవ వరుసలో దీపము ఆగినది. "మీరు చూడండి" అని నన్ను పిలిచెను. చూచితిని. అన్ని గొట్టములలోను మందు అడుగున బూడిదరంగు మచ్చవలె ఉన్నది. ఒక్కదానిలో మాత్రము కొంచెము పైకి ఉన్నది. టెలిఫోను మ్రోగకముందు పోసినదానికే వచ్చిన తరువాత మరల పోసెనన్నమాట.

ఆయన ఏమియు అనలేదు. ఆ గొట్టమును తీసి మందును డబ్బాలోనికి వంచెను. తరువాత దాని ప్రక్కదానిని, తరువాత దాని ప్రక్కదానిని. యాబదియు వంచివేసెను. "తప్పినది ఒక్కటే కదా, తక్కినవానినేల పారబోయుచున్నారు?" అని అడిగితిని. "ఒకటి కనబడినది. కనబడనిది లేదని నాకు తెలియదు" అనెను. మందు డబ్బాకు మూత బిగించి, దీపమార్పి, "ఈ రాత్రికి చాలును" అనుచు మెట్లెక్కెను. ఆ గొట్టముపై గుండు బిగించియున్నచో తరువాతి ఆదివారము ఆయన చేతిలో ఏమి జరిగెడిదో నేను ఊహింపగలిగితిని. ఆ రోజున ఆయనను కాపాడినది వందల డాలర్ల ప్రెస్సు కాదు. ఒక గంటసేపు కూర్చుండి తానే తొలిచికొన్న కొయ్యముక్క, ఒక చేతిదీపము.

పనిముట్ల ఎంపికకు వరుస ఇక్కడనుండియే దొరకును.

మొదటిది పుస్తకము. ఏ గొట్టమునకు, ఏ గుండుకు, ఏ మందు ఎంత అను పట్టికలను మందు తయారుచేయువారును, గుండ్లు తయారుచేయువారును తమ పరీక్షాశాలలలో పీడనమును కొలిచి ప్రకటింతురు. 1937లో ఫిలిప్ షార్ప్ వ్రాసిన పెద్ద గ్రంథము ఈ విద్యకు పునాది వేసినవానిలో ఒకటి. చరిత్రకొరకు దానిని చదువవచ్చును. కాని మందు పోయుటకు నేటి పట్టికయే ప్రమాణము. మందులు మారును, పేర్లు నిలుచును. పట్టికలో కనిష్ఠము, గరిష్ఠము అని రెండు అంకెలుండును. కనిష్ఠమునుండి మొదలుపెట్టవలెను. స్నేహితుడు చెప్పిన లెక్క, అంగడిలో విన్న లెక్క, కాగితపు ముక్కమీద వ్రాసియున్న లెక్క పనికిరావు.

రెండవది త్రాసు. గ్రెయినులో పదవవంతు తేడాను చూపగలది కావలెను. అనగా సుమారు ఆరున్నర మిల్లీగ్రాములు. కాడిత్రాసు నిదానమైనది, కాని విద్యుచ్ఛక్తి అక్కరలేదు, సంవత్సరముల తరబడి చెడదు. అంకెలు వెలుగు త్రాసు వేగమైనది. కాని వేడెక్కువరకు నిలుకడగా ఉండదు, పంకాగాలికి చలించును. ఏది కొన్నను దానితోపాటు సరిచూచు తూకపురాళ్ళను కూడ కొనవలెను. పని మొదలుపెట్టిన ప్రతిసారియు రాయి వేసి త్రాసును పరీక్షింపవలెను. త్రాసును నమ్ముట వేరు, త్రాసును పరీక్షించి నమ్ముట వేరు.

మూడవది వెర్నియర్ కాలిపర్. అంగుళములో వెయ్యవవంతును చూపు కొలత పనిముట్టు. కాల్చినకొలది, అచ్చులో వత్తినకొలది రైఫిలు గొట్టము మెడ పొడుగు సాగును. 1906 నాటి తూటా గొట్టమునకు గరిష్ఠ పొడవు 2.494 అంగుళములు. అంతకు మించినచో మెడ తుపాకిలో ఇరుకుకొని గుండును పట్టివేయును. సరిగా తూచిన మందు కూడ అధిక పీడనమును పుట్టించును. కనుక కొలిచి, పెరిగినదానిని కత్తిరింపవలెను.

నాల్గవది రంధ్రముల చెక్కయు, దీపమును. వీని సంగతి చెప్పితిని.

అయిదవ స్థానమున ప్రెస్సు వచ్చును. దీనిలో మూడు తరగతులున్నవి. మొదటిది ఒక్క అచ్చు పట్టునది. మీట నొకసారి వంచినచో ఒక పనియే జరుగును. యాబది గొట్టములకు మొదటి మెట్టు ముగించి, అచ్చు మార్చి, యాబదింటికి రెండవ మెట్టు చేయవలెను. రెండవ తరగతిలో అచ్చులన్నియు ఒక చక్రముపై నుండును. చక్రమును త్రిప్పుకొనుచు పోవచ్చును. మూడవ తరగతి యంత్రము మీట వంచిన ప్రతిసారియు పూర్తియైన తూటా నొకదానిని ఇచ్చును. నాలుగైదు గొట్టములు ఒకేసారి నాలుగైదు మెట్లలో ఉండును. పోటీలలో వేలకొలది తూటాలు కాల్చువారికి అది అవసరమే. కాని కొత్తవాని చేతిలో అది తప్పును కూడ అదే వేగముతో చేయును. నాలుగు చోట్ల ఒకేసారి కన్ను వేయుట అలవాటు లేనివానికి అది తగదు. మా పొరుగాయన నలుబది ఏండ్లుగా వాడుచున్నది మొదటి తరగతి ప్రెస్సే. అంగుళములో ఎనిమిదింట ఏడువంతుల వ్యాసము, అంగుళమునకు పదునాలుగు మరచుట్లు అను కొలత చాలకాలముగా సామాన్య ప్రమాణమై యున్నందున, ఒక సంస్థ అచ్చు మరియొక సంస్థ ప్రెస్సులో చక్కగా అమరును. ప్రెస్సు చట్రము మూసిన వలయము వలె ఉన్నచో బరువు పనికి వంగదు. పోతయినుముతో చేసిన పాత ప్రెస్సును సెకండు హాండులో కొన్నను నష్టము లేదు. మనిషి ఆయుస్సుకంటె దాని ఆయుస్సు ఎక్కువ. మందును, ప్రైమర్లను మాత్రము ఎన్నడును ఇతరుల తెరచిన డబ్బాలనుండి పుచ్చుకొనరాదు.

అచ్చుల విషయములో ఒక్క భేదము తెలిసికొనవలెను. మొదలు తుద ఒకే లావుగల రివాల్వరు గొట్టములకు కార్బైడు వలయమున్న అచ్చు కొన్నచో నూనె పూయ నక్కరలేదు. సీసామెడ వలె సన్నబడిన రైఫిలు గొట్టములకు నూనె తప్పదు. మరచినచో గొట్టము అచ్చులో ఇరుకుకొనిపోవును. దానిని ఊడదీయుట ఒక పూట పని. గొట్టముల ఎంపికలో కూడ ఒక విచిత్రమున్నది. అడుగున నడుమ ఒక్క రంధ్రమున్న గొట్టమునుండి ప్రైమరును సూదితో సులభముగా నెట్టవచ్చును. ప్రక్కలకు రెండు రంధ్రములున్నదానినుండి నెట్టరాదు. ఒక్క రంధ్రపు పద్ధతి బాక్సర్ అను ఆంగ్లేయునిది, రెండు రంధ్రములది బెర్డన్ అను అమెరికనుది. కాని అమెరికావారు ఆంగ్లేయుని పద్ధతిని, ఐరోపావారు అమెరికను పద్ధతిని ఎక్కువగా అవలంబించిరి. అమెరికాలో ఈ ఇంటిపని ఇంతగా వ్యాపించుటకు ఆ ఒక్క నడిమి రంధ్రము కూడ కారణమే.

మందు పోయు మీటపనిముట్టు చివరిది. అది తూచదు, కొలుచును. సోలతో బియ్యము కొలిచినట్లు. కనుక దాని మాటను త్రాసు నిర్ణయింపవలెను. పది కొలతలను ఒక్కచోట పోసి తూచి పదింట భాగించినచో సగటు తెలియును; నడుమ నడుమ ఒక్కొక్కదానిని విడిగా తూచినచో నిలుకడ తెలియును. బల్లమీద ఎల్లప్పుడును ఒక్క మందు డబ్బాయే ఉండవలెను. రెండు డబ్బాలుండుట రెండు దారులుండుటయే. అలసిన చేయి తప్పుదారిని పట్టును. ఒక మందుకు బదులు మరియొకటి పడినచో తూకము సరిగానున్నను ఫలము లేదు.

ఇల్లన్నపుడు ఇంటివారుందురు. ప్రైమరులోని పదార్థమున సీసము కలదు. కాల్చిన గొట్టములను శుభ్రపరచునపుడు లేచు ధూళిలో ఆ సీసము చేరును. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలకు మిక్కిలి హాని చేయును. అందుచేత ఆ బల్లవద్ద తినుట, త్రాగుట కూడదు. లేచిన వెంటనే సబ్బుతో చేతులు కడుగవలెను. ధూళిని మూతగల పాత్రలో, గాలి ఆడు చోట మాత్రమే దులుపవలెను. ప్రైమర్లను అవి వచ్చిన పెట్టెలోనే ఉంచవలెను. గాజుసీసాలో గుమ్మరించి ఉంచినచో, ఒకటి పేలినపుడు తక్కినవియు పేలి సీసాయే తునాతునకలగును. కళ్ళకు అద్దములు పెట్టుకొనకుండ బల్లముందు కూర్చుండరాదు. మందును దాని డబ్బాలోనే, తాళమువేసిన చల్లని పొడిచోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను. టెలిఫోనుకు, రేడియోకు, సంభాషణకు కూడ ఆ గదిలో చోటులేదు. రేడియోలో మాట్లాడుచు ఈ మాట చెప్పుట వింతగా తోచవచ్చును; అయినను చెప్పక తప్పదు.

ఇంత శ్రమపడి డబ్బు మిగులునా అని అడుగుదురు. తూటా యొకటికి వెల తగ్గుట నిజము. కాని చౌకగా దొరకినకొలది ఎక్కువగా కాల్చుట మానవ స్వభావము; సంవత్సరాంతమున ఖర్చు మొదటివలెనే ఉండునని మా పొరుగాయన నవ్వుచుండెను. నిజమైన లాభములు రెండు. అంగడిలో దొరకని పాత తుపాకి తూటాలను తానే చేసికొనవచ్చును. తన తుపాకికి సరిపడు మందును, గుండును ఓపికతో వెదకి గురిని మెరుగుపరచుకొనవచ్చును. పొదుపుకొరకు దిగువాడు తొందరపడును. గురికొరకు దిగువాడు తూచును.

నేడు మన తెలుగువారి పిల్లలు అమెరికా పట్టణములలో స్థిరపడి యున్నారు. వారిలో ఎవరైనను గురిపందెముల సరదాలో పడి, ఈ పనికి దిగుదునని ఇంటికి వ్రాసినచో, పెద్దలు ఏమి చెప్పవలెను? వద్దని చెప్పుటకు వారికి హక్కున్నది. వద్దన్నను వినడని తోచినచో ఈ వరుసను చెప్పుడు. మొదటి నెల పుస్తకము మాత్రము కొనుమనుడు. రెండవ నెల త్రాసు, తూకపురాళ్ళు, కాలిపర్ కొనుమనుడు. మూడవ నెల ఒక కొయ్యముక్కకు యాబది రంధ్రములు తానే తొలుచుకొమ్మనుడు. ఈ మూడు నెలల ఓపిక లేనివాడు ప్రెస్సు కొనకుండుటయే మేలు. ఓపికయున్నవానికి ప్రెస్సు ఏ సంస్థదని తర్కింప నక్కరలేదు. కొన్న తరువాత, ఏనాడైనను చేసిన పనిలో అనుమానము కలిగినచో, యాబది గొట్టములను వంచివేసి దీపమార్పి మెట్లెక్కుటకు సిగ్గుపడవద్దని కూడ చెప్పుడు. ఒక సాయంకాలపు పని పోవును. చేతులు మిగులును.